వీర్యంలో బ్యాక్టీరియా ఉంటే పిల్లలు పుట్టరా? రిపోర్టులో ‘పస్ సెల్స్’ కనిపిస్తే ఏం చేయాలి?

పిల్లల కోసం ప్రయత్నిస్తూ డాక్టర్ సలహా మీద సెమెన్ అనాలసిస్ చేయించుకున్నారు. ల్యాబ్ నుంచి ఫోన్‌కు పీడీఎఫ్ వచ్చింది. వీర్యకణాల సంఖ్య బాగానే ఉంది. కానీ కింద ఒక వరుసలో ‘పస్ సెల్స్ 6-8’ అని ఉంది. లేదంటే కల్చర్ రిపోర్టులో ఏదో బ్యాక్టీరియా పేరు కనిపించింది.

చాలామంది ఇక్కడే రెండు పొరపాట్లు చేస్తారు. కొందరు భయపడి, మెడికల్ షాపులో యాంటీబయాటిక్ కొని వాడేస్తారు. ఇంకొందరు సిగ్గుపడి ఆ రిపోర్టును ఎవరికీ చూపించరు. మొదటిది అవసరం లేని మందు, రెండోది అవసరమైన వైద్యం అందకపోవడం. రెండింటిలోనూ నష్టం మీకే, మీ భార్యకే.

ముందుగా క్లుప్తంగా చెప్పుకోవాల్సినవి:

• వీర్యంలో బ్యాక్టీరియా కనిపించడమే జబ్బు కాదు. ఆరోగ్యంగా ఉన్న పురుషుల వీర్యంలోనూ బ్యాక్టీరియా ఉంటుంది.
• కొన్ని ఇన్ఫెక్షన్లు మాత్రం వీర్యకణాలను, అవి ప్రయాణించే నాళాలను దెబ్బతీస్తాయి. వాటిని త్వరగా గుర్తిస్తే చికిత్స ఉంది.
• ‘పస్ సెల్స్’ అన్న ఒక్క మాట చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టకూడదు.
• సుఖవ్యాధులకు ప్రభుత్వ ఆసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో ఉచితంగా, గోప్యంగా వైద్యం అందుతుంది.

ఇప్పుడు వివరంగా చూద్దాం.

అసలు బ్యాక్టీరియా అక్కడికి ఎలా వస్తుంది?

వీర్యకణాలు వృషణాల్లో తయారవుతాయి. వాటి పక్కనే చుట్టలా ఉండే ఎపిడిడిమిస్ అనే నాళంలో పరిపక్వమవుతాయి. బయటకు వచ్చే దారిలో సెమినల్ వెసికిల్స్, ప్రోస్టేట్ గ్రంథి నుంచి వచ్చే ద్రవాలు వాటితో కలుస్తాయి. చివరకు మూత్రం వచ్చే దారిలోంచే వీర్యం కూడా బయటకు వస్తుంది.

ఆ చివరి దారిలో, చర్మం మీద సహజంగానే సూక్ష్మజీవులు ఉంటాయి. అందుకే బయటకు వచ్చిన వీర్యంలో అవి కలుస్తాయి. భార్యాభర్తల మధ్య కలయిక ద్వారా కూడా బ్యాక్టీరియా ఒకరి నుంచి మరొకరికి చేరుతుంది. పేగుల్లో ఉండే బ్యాక్టీరియాతో పోలిస్తే వీర్యంలో ఉండేది చాలా తక్కువ. కానీ పూర్తిగా సూక్ష్మజీవులు లేని వీర్యం అంటూ ఉండదనే చెప్పాలి.

కాబట్టి ‘బ్యాక్టీరియా ఉందా, లేదా’ అన్నది అసలు ప్రశ్న కాదు. ఏ బ్యాక్టీరియా ఉంది? ఎంత ఉంది? దానివల్ల లోపల వాపు వచ్చిందా? డాక్టర్ చూసేది ఈ మూడింటినే.

ఏ బ్యాక్టీరియాతో ప్రమాదం?

మొదటి వరుసలో ఉండేవి లైంగికంగా సంక్రమించే గనేరియా, క్లమీడియా. గనేరియా వస్తే సాధారణంగా మూత్రంలో మంట, చీము కనిపిస్తాయి. క్లమీడియా అలా కాదు. చాలామంది మగవాళ్లలో దానికి ఏ లక్షణమూ ఉండదు. తనకు తెలియకుండానే భార్యకు అంటిస్తారు. ఆమెలో అది ఫాలోపియన్ ట్యూబులను మూసేయవచ్చు, గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదాన్ని కూడా పెంచుతుంది. అంటే మగవారి ఇన్ఫెక్షన్ వారి వీర్యకణాలకే పరిమితం కాదు.

రెండో వరుసలో మూత్ర ఇన్ఫెక్షన్లు తెచ్చే ఈ.కోలి వంటి బ్యాక్టీరియా ఉంటుంది. ఇది ప్రోస్టేట్‌కు, ఎపిడిడిమిస్‌కు పాకుతుంది. 35 ఏళ్ల లోపు లైంగిక జీవితం ఉన్నవారిలో ఎపిడిడిమిస్ వాచిందంటే ఎక్కువగా సుఖవ్యాధి కారణమవుతుంది. ఆ వయసు దాటినవారిలో ఎక్కువగా మూత్రంలోని బ్యాక్టీరియా కారణమవుతుంది. డాక్టర్ వయసు, లైంగిక జీవితం గురించి అడిగేది అందుకే. దాచకుండా చెప్పండి.

మూడోది క్షయ. టీబీ అంటే ఊపిరితిత్తుల జబ్బే అనుకుంటాం. అది జననేంద్రియాలకూ వస్తుంది. ఎపిడిడిమిస్‌లో గడ్డలు కట్టి, నాళాలు మూసుకుపోయి, వీర్యంలో ఒక్క కణం కూడా కనిపించని పరిస్థితి రావచ్చు. టీబీ ఎక్కువగా ఉన్న మన దేశంలో ఈ కోణాన్ని డాక్టర్లు తప్పక గుర్తుపెట్టుకుంటారు. మీకు గానీ, ఇంట్లో ఎవరికైనా గానీ గతంలో టీబీ వచ్చి ఉంటే ముందే చెప్పండి.

వీటికి తోడు యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా వంటివి ఉన్నాయి. ఇవి ఏ సమస్యా లేనివారిలోనూ కనిపిస్తాయి. అందుకే రిపోర్టులో వీటి పేరు కనిపించగానే సంతానలేమికి ఇదే కారణమని తేల్చేయలేం.

వీర్యకణాలకు జరిగే నష్టం ఏమిటి?

ప్రధానంగా మూడు రకాలుగా నష్టం జరుగుతుంది.

ఒకటి, దారి మూసుకుపోవడం. ఇన్ఫెక్షన్ తగ్గాక గాయం మానినట్టే నాళం లోపల కూడా మచ్చ కడుతుంది. దానివల్ల నాళం ఇరుకవుతుంది లేదా పూర్తిగా మూసుకుపోతుంది. వృషణంలో కణాలు తయారవుతున్నా బయటకు రావు. ఈ నష్టం జరిగిపోయాక యాంటీబయాటిక్‌తో సరికాదు. త్వరగా చికిత్స తీసుకోవాలని చెప్పేది ఇందుకే.

రెండు, మన రక్షణ వ్యవస్థ చేసే నష్టం. బ్యాక్టీరియాతో పోరాడటానికి వచ్చే తెల్ల రక్తకణాలు చురుకైన ఆక్సిజన్ రసాయనాలను వదులుతాయి. అవి బ్యాక్టీరియాతో పాటు వీర్యకణాల పైపొరను, లోపలి డీఎన్ఏను కూడా దెబ్బతీస్తాయి.

మూడు, కదలిక తగ్గడం. ఈ.కోలి నేరుగా వీర్యకణాలకు అతుక్కుని వాటిని ఒకదానికొకటి అంటుకునేలా చేయగలదు. ల్యాబ్ పరీక్షల్లో ఇది స్పష్టంగా కనిపించింది. గుంపుగా అంటుకుపోయిన కణాలు ముందుకు ఈదలేవు.

రిపోర్టులో ఏం చూడాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం కనిష్ఠ ప్రమాణాలు ఇవి:

• వీర్యం పరిమాణం: 1.4 మిల్లీలీటర్లు
• ఒక మిల్లీలీటరులో వీర్యకణాలు: 1.6 కోట్లు
• మొత్తం వీర్యకణాలు: 3.9 కోట్లు
• కదలిక ఉన్నవి: 42 శాతం
• ముందుకు ఈదేవి: 30 శాతం
• సరైన ఆకారం ఉన్నవి: 4 శాతం

ఆకారం 4 శాతమేనా అని కంగారు పడొద్దు. అది సాధారణమే. పైగా ఈ అంకెలు పాస్, ఫెయిల్ మార్కులు కావు. ఏడాదిలోపే భార్య గర్భం దాల్చిన పురుషుల నమూనాలను చూసి ఈ ప్రమాణాలు పెట్టారు. వారిలో 5 శాతం మందికి ఇంతకంటే తక్కువే ఉన్నాయి. అయినా తండ్రులయ్యారు.

ఇక ‘పస్ సెల్స్’ సంగతి. మైక్రోస్కోప్‌లో గుండ్రంగా కనిపించే కణాలను చాలా ల్యాబులు ఈ పేరుతో రాసేస్తాయి. కానీ గుండ్రటి కణాలన్నీ తెల్ల రక్తకణాలు కావు. ఇంకా పూర్తిగా ఎదగని వీర్యకణాలు కూడా గుండ్రంగానే ఉంటాయి. మామూలు మైక్రోస్కోప్ పరీక్షలో ఈ రెండింటినీ కచ్చితంగా వేరు చేయడం కష్టం. దానికి పెరాక్సిడేజ్ స్టెయిన్ అనే రంగు పరీక్ష ఉంది. ఆ పరీక్షలో మిల్లీలీటరుకు 10 లక్షలకు మించి తెల్ల రక్తకణాలు తేలితే, ఇన్ఫెక్షన్ కోసం ఇంకా వెతకాలని డాక్టర్లు భావిస్తారు.

కాబట్టి మీ డాక్టర్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇవి నిజంగా తెల్ల రక్తకణాలేనని తేలిందా?’

కల్చర్ రిపోర్టు చదివేటప్పుడు రెండు విషయాలు చూడాలి. మూత్ర ఇన్ఫెక్షన్లు తెచ్చే ఒకే రకం బ్యాక్టీరియా మిల్లీలీటరుకు 1,000 కాలనీలకు మించి పెరిగితే సాధారణంగా దానికి ప్రాధాన్యం ఇస్తారు. చర్మం మీద ఉండే రెండు, మూడు రకాలు కొద్దికొద్దిగా కలిసి పెరిగితే, శాంపిల్ ఇచ్చేటప్పుడు కలిసినవై ఉండే అవకాశమే ఎక్కువ. ఇంకో విషయం, క్లమీడియా మామూలు కల్చర్‌లో పెరగదు. దానికి వేరే పరీక్ష అవసరం. కల్చర్ ‘నిల్’ అని వస్తే క్లమీడియా లేనట్టు కాదు.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఈ జాగ్రత్తలు తప్పనిసరి

శాంపిల్ సరిగ్గా ఇవ్వకపోతే లేని ఇన్ఫెక్షన్ కూడా రిపోర్టులో కనిపిస్తుంది.

• పరీక్షకు ముందు 2 నుంచి 7 రోజులు వీర్యం బయటకు పోకుండా చూసుకోవాలి. అంతకంటే తక్కువైనా, ఎక్కువైనా ఫలితం మారుతుంది.
• ముందు మూత్రానికి వెళ్లాలి. తర్వాత చేతులు, పురుషాంగం సబ్బుతో కడిగి, శుభ్రంగా తుడుచుకోవాలి. చేతులు తడిగా ఉండకూడదు.
• ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. కల్చర్ కోసమైతే స్టెరైల్ డబ్బా అడగాలి. డబ్బా లోపలి భాగాన్ని, మూత లోపలి వైపును ముట్టుకోవద్దు.
• మామూలు కండోమ్‌లో పట్టి తేకూడదు. అందులోని పదార్థాలు కణాలను దెబ్బతీస్తాయి. నూనె, ఉమ్మి, జెల్ వాడకూడదు.
• మొత్తం వీర్యం డబ్బాలో పడాలి. మొదట వచ్చే భాగంలోనే కణాలు ఎక్కువ. అది కింద పడిపోతే మొహమాటపడకుండా ల్యాబ్‌లో చెప్పండి.
• ఇంటి దగ్గర పడితే చొక్కా లోపలి జేబులో, ఒంటి వెచ్చదనం తగిలేలా పెట్టుకుని తీసుకెళ్లాలి. అరగంటలో చేరితే మంచిది, గంట మాత్రం దాటకూడదు. ఎండలో బైక్ డిక్కీలోనో, ఐస్ మీదో పెట్టొద్దు.

ఒక్క రిపోర్టుతో తేల్చేయకూడదు. అదే మనిషికి వారం వారం ఫలితం మారుతుంది. తేడాగా వస్తే మళ్లీ చేయించాలి. ఈమధ్య మీకు తీవ్రమైన జ్వరం వచ్చి ఉంటే ఆ సంగతీ చెప్పండి. వీర్యకణం తయారై బయటకు రావడానికి దాదాపు 3 నెలలు పడుతుంది. రెండు నెలల కిందటి డెంగీ జ్వరం ప్రభావం కూడా ఇవాళ్టి రిపోర్టులో కనిపించవచ్చు.

యాంటీబయాటిక్ వేసుకుంటే పిల్లలు పుడతారా?

సుఖవ్యాధి అని తేలితే చికిత్స తప్పనిసరి. అందులో రెండో మాట లేదు. మూత్ర ఇన్ఫెక్షన్, ప్రోస్టేట్ వాపు, ఎపిడిడిమిస్ వాపు ఉన్నా అంతే. డాక్టర్ రాసిన కోర్సు మొత్తం వాడాలి. సుఖవ్యాధి అయితే భార్యాభర్తలిద్దరూ ఒకేసారి మందు వాడాలి. చికిత్స పూర్తయ్యే వరకు కలయికకు దూరంగా ఉండాలి లేదా కండోమ్ వాడాలి. ఒకరే మందు వాడితే, వారికి అవతలి వారి నుంచి జబ్బు మళ్లీ అంటుకుంటుంది.

లక్షణాలేమీ లేకుండా, కేవలం రిపోర్టులో కొన్ని తెల్ల రక్తకణాలు కనిపించినప్పుడు పరిస్థితి వేరు. యాంటీబయాటిక్‌తో వీర్యం నాణ్యత కొంత మెరుగుపడవచ్చు. కానీ దానివల్ల గర్భం వచ్చే అవకాశాలు పెరుగుతాయని కచ్చితంగా చెప్పలేమని యూరోపియన్ యూరాలజీ అసోసియేషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అంటే ‘ఒక కోర్సు వాడి చూద్దాం, పోయేదేముంది’ అన్న మాట సరికాదు. పోయేది ఉంది. అవసరం లేకుండా వాడిన ప్రతిసారీ బ్యాక్టీరియా ఆ మందుకు అలవాటు పడే అవకాశం పెరుగుతుంది. రేపు నిజమైన ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మందు పని చేయకపోవచ్చు. ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్లకు తరచూ రాసే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ రకం మందులతో కొందరికి కండర బంధనాలు దెబ్బతినే ప్రమాదమూ ఉంది.

మాత్రల షీటు మీద నిలువుగా ఎర్రటి గీత ఉంటే, దాన్ని డాక్టర్ చీటీ లేకుండా వాడకూడదని అర్థం. 2016 నుంచి కేంద్రం ఈ ‘రెడ్ లైన్’ గురించి ప్రచారం చేస్తోంది. మీ చేతిలో ఉన్న షీటును ఒకసారి చూడండి.

మంచి బ్యాక్టీరియా, చెడ్డ బ్యాక్టీరియా: కొత్త పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఇప్పటిదాకా చెప్పుకున్నది జబ్బు తెచ్చే బ్యాక్టీరియా గురించి. వీర్యంలో మామూలుగా ఉండే సూక్ష్మజీవుల సమూహం కూడా సంతాన సామర్థ్యాన్ని ప్రభావితం చేస్తుందా అన్నది కొత్త ప్రశ్న. దీన్ని సెమెన్ మైక్రోబయోమ్ అంటున్నారు.

తైవాన్ పరిశోధకులు 2014లో 96 మంది నమూనాలను పరిశీలించారు. లాక్టోబాసిల్లస్ జాతి ఎక్కువగా ఉన్నవారిలో వీర్యం నాణ్యత బాగున్నట్టు, ప్రెవొటెల్లా ఎక్కువగా ఉన్నవారిలో తగ్గినట్టు గమనించారు. పెరుగు తోడుకోవడానికి కారణమయ్యే బ్యాక్టీరియాకు బంధువే ఈ లాక్టోబాసిల్లస్.

అయితే 2024 జనవరిలో అమెరికాలోని యూసీఎల్ఏ బృందం మరో ఫలితం ప్రకటించింది. 73 మంది పురుషులను పరిశీలిస్తే, అదే కుటుంబంలోని లాక్టోబాసిల్లస్ ఇనెర్స్ అనే రకం కదలిక తగ్గిన వీర్యంలో ఎక్కువగా కనిపించింది. ఈ రకం తయారు చేసే లాక్టిక్ ఆమ్లం వాపును పెంచుతుందేమోనని వారి అంచనా. సూడోమోనాస్ జాతిలోనూ ఇదే తేడా. రెండు రకాలు కణాల సంఖ్య తక్కువగా ఉన్నవారిలో ఎక్కువగా, మరో రకం తక్కువగా కనిపించాయి.

దీన్నిబట్టి రెండు విషయాలు అర్థమవుతున్నాయి. ఒకే కుటుంబంలో మంచివీ ఉండొచ్చు, చెడ్డవీ ఉండొచ్చు. అలాగే ఇవి తక్కువ మందిపై చేసిన పరిశీలనలు. బ్యాక్టీరియా వల్ల వీర్యం చెడిందా, వీర్యం చెడినందువల్ల ఆ బ్యాక్టీరియా పెరిగిందా అన్నది ఇలాంటి అధ్యయనాలతో తేలదు.

కాబట్టి ‘వీర్యం మైక్రోబయోమ్ టెస్ట్’ అనో, ‘మగవారి ప్రోబయోటిక్’ అనో ఆన్‌లైన్‌లో ప్రకటన కనిపిస్తే వేలకు వేలు పెట్టే ముందు ఆగండి. ఆ పరీక్ష ఫలితాన్ని బట్టి ఫలానా చికిత్స చేయాలన్న ఆమోదిత పద్ధతి ఇంకా రాలేదు. పెరుగు ఆరోగ్యానికి మంచిదే. కానీ అది వీర్యంలోని బ్యాక్టీరియాను మారుస్తుందని రుజువు కాలేదు.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరిని కలవాలి?

మూత్రంలో మంట, చీము, పుండ్లు ఉన్నా, భాగస్వామికి సుఖవ్యాధి ఉందని తెలిసినా సురక్ష క్లినిక్‌కు వెళ్లండి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రులు, బోధనాసుపత్రుల్లో ఇవి నడుస్తున్నాయి. చర్మ, సుఖవ్యాధుల విభాగంలో అడిగితే చెబుతారు. కౌన్సెలింగ్, సిఫిలిస్, హెచ్ఐవీ పరీక్షలు, మందులు అన్నీ ఉచితమే.

ఇక్కడ లక్షణాలను బట్టి రంగుల కిట్లలో మందులు ఇస్తారు. ఉదాహరణకు, మూత్రనాళం నుంచి చీము వస్తుంటే బూడిద రంగు కిట్. ల్యాబ్ ఫలితం కోసం రోజుల తరబడి ఆగకుండా గనేరియా, క్లమీడియా రెండింటికీ కలిపి ఆ రోజే చికిత్స మొదలుపెట్టడం దీని ఉద్దేశం. లక్షణాలు లేనివారిని ఈ పద్ధతి పట్టుకోలేదు. కాబట్టి అనుమానం ఉంటే మీరే నోరు తెరిచి చెప్పాలి. దగ్గర్లో క్లినిక్ ఎక్కడుందో తెలియకపోతే ఉచిత హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి.

వృషణాల్లో గడ్డ, నొప్పి, వీర్యంలో కణాలు లేకపోవడం వంటివి ఉంటే యూరాలజీ విభాగానికి వెళ్లాలి. టీబీ అనుమానం ఉంటే జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. ఆ హెల్ప్‌లైన్ 1800-11-6666.

సికింద్రాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు. ఏయే సేవలు అందుతున్నాయో ముందుగా ఓపీలో కనుక్కుని వెళ్లండి. ఆయుష్మాన్ భారత్ కార్డు మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. సంతాన సాఫల్య చికిత్సలు ఆ పథకంలోకి రావు.

ప్రైవేటు ఐవీఎఫ్ కేంద్రానికి వెళ్తే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్టర్ అయిందో లేదో చూడండి. రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం నేరం. దాత వీర్యం వాడాల్సి వస్తే, దాతకు హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేయాలని ఆ చట్టం చెబుతోంది. ఐయూఐ, ఐవీఎఫ్‌లకు ముందు వీర్యాన్ని ‘వాష్’ చేస్తారు. దీంతో చాలావరకు బ్యాక్టీరియా పోతుంది. అలాగని ఇన్ఫెక్షన్‌ను వదిలేయకూడదు, ముందు దానికి చికిత్స చేయించుకోవాలి.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

• ఉన్నట్టుండి ఒక వృషణంలో తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. అది ఇన్ఫెక్షన్ కాకుండా, వృషణం మెలిపడటం కావచ్చు. 6 గంటల్లోపు ఆపరేషన్ చేస్తేనే దాన్ని కాపాడుకునే అవకాశం ఎక్కువ.
• జ్వరంతో పాటు వృషణం వాచినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు డాక్టర్‌ను కలవాలి.
• వీర్యంలో రక్తం మళ్లీ మళ్లీ కనిపిస్తే చూపించుకోవాలి.
• ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలకు వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే 6 నెలలకే వెళ్లాలి.

బ్యాక్టీరియా ఒక్కటే కారణం కాదన్నదీ మరచిపోవద్దు. వృషణాల దగ్గర నరాలు ఉబ్బే వేరికోసీల్, పొగాకు, అధిక బరువు, హార్మోన్ల లోపం కూడా కారణం కావచ్చు. జిమ్‌లో కండల కోసం తీసుకునే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు వీర్యకణాల తయారీనే ఆపేస్తాయి. గోడల మీద ‘గుప్త రోగాలకు గ్యారంటీ చికిత్స’ అని రాసుకునేవారు వీటిలో ఏదీ పరీక్షించరు.

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. దాదాపు సగం కేసుల్లో పురుషుడి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. అయినా మన ఇళ్లలో ముందు ఆసుపత్రికి తీసుకెళ్లేది కోడలినే. ట్యూబుల పరీక్ష, స్కానింగులు, హార్మోన్ ఇంజెక్షన్లు అన్నీ ఆమెకే. ఆ తర్వాత ఎప్పుడో భర్త వంతు వస్తుంది.

వీర్య పరీక్షకు సూది గుచ్చరు, నొప్పి ఉండదు, ఖర్చూ తక్కువే. కాబట్టి తొలిసారి డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడే ఇద్దరూ కలిసి వెళ్లండి, ఇద్దరి పరీక్షలూ ఒకేసారి రాయించుకోండి. రిపోర్టులో బ్యాక్టీరియా పేరు కనిపిస్తే దాన్ని డాక్టర్‌కు చూపించండి. చికిత్స కావాలో వద్దో పరీక్షించి తేల్చాల్సింది వారే.